పాత మేడ పరువు పోకుండా... కొత్త వసతులు!

వారసత్వ కట్టడాలు అనగానే మనకు చార్మినారు, గోల్కొండ కోట, వరంగల్లు వేయిస్తంభాల గుడి గుర్తుకొస్తాయి. పిల్లల్ని తీసుకెళ్ళి, చూపించి, సాయంత్రానికి ఇంటికి వచ్చేసే చోట్లు అవి. కానీ అలాంటి జాబితాలో ఉన్న కట్టడాల్లో కాపురాలు కూడా ఉంటాయి. అక్కడా పొద్దున్నే కుక్కరు కూత పెడుతుంది. అక్కడా స్కూలు డబ్బాలు సర్దే ఇల్లాళ్ళుంటారు. ఆ ఇళ్ళకూ పైపులు కారతాయి, గోడలు చెమ్మెక్కుతాయి, ఫ్యూజులు పోతాయి. కాకపోతే అక్కడ మేకు కొట్టాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ముంబైలో మేముండే ఫ్లాటు అలాంటిదే. మా మామగారు 1961లో ఉద్యోగరీత్యా గోదావరి జిల్లా నుంచి వచ్చి, మెరైన్ డ్రైవ్ వెనక వీధిలో అద్దెకు దిగిన ఇల్లు. 2022 దసరా తర్వాత పని మొదలుపెట్టి, 2023 ఉగాది నాటికి ఆ ఇంటిని ఈ కాలానికి తగ్గట్టు బాగు చేయించుకున్నాం. నేను ఇంజనీర్ని కాను, ఇంటర్ దాకా చదువుకున్న గృహిణిని. ఆ ఆరు నెలలూ మేస్త్రీల వెనకాల తిరిగి తెలుసుకున్న సంగతులు పాత ఇళ్ళలో ఉంటున్న మనలాంటి వాళ్ళకు పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

సముద్రాన్ని పూడ్చి కట్టిన మేడలు

ముందు ఈ మేడల కథ కొంచెం చెప్పుకుందాం. కథ తెలిస్తేనే దేన్ని ముట్టుకోవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తెలుస్తుంది.

ఇప్పుడు మెరైన్ డ్రైవ్ ఉన్న చోట ఒకప్పుడు సముద్రమే. 1920ల్లో బ్యాక్‌బే దగ్గర సముద్రాన్ని పూడ్చి నేల తేల్చారు. 1930ల్లోనూ 40ల్లోనూ ఆ నేల మీద, ఓవల్ మైదానం పడమటి పక్కన, వరసగా ఫ్లాట్ల మేడలు లేచాయి. సిమెంటు కాంక్రీటు ఇళ్ళు అప్పటికి కొత్త వింత. 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన పేరు మీదుగా ఈ పద్ధతికి ఆర్ట్ డెకో అని పేరొచ్చింది. గుండ్రంగా తిరిగిన బాల్కనీలు, కిటికీల మీద కనుబొమల్లా సాగిన సన్‌షేడ్లు, ఓడ కిటికీల్లాంటి గుండ్రటి అద్దాలు, సూర్యకిరణాల ఆకారంలో ఇనుప గ్రిల్లులు, రంగు రాళ్ళ మొజాయిక్ గచ్చు... ఇవీ వీటి గుర్తులు. ముంబైలో రీగల్ సినిమాహాలు (1933), ఈరోస్ సినిమాహాలు (1938) ఇదే కోవలోవి.

ఓవల్ మైదానం మధ్యలో నిలబడి చూస్తే రెండు కాలాలు ఎదురుబొదురుగా కనిపిస్తాయి. తూర్పున 1878లో పూర్తయిన హైకోర్టు, రాజాబాయి గడియారం స్తంభం. పడమట ఈ ఫ్లాట్ల మేడలు. ఈ రెండు వరసలనూ, మెరైన్ డ్రైవ్‌నూ కలిపి మొత్తం 94 కట్టడాలను 2018 జూన్ 30న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందే, 1995లో, ముంబై నగరానికి వారసత్వ కట్టడాల నిబంధనలు వచ్చాయి. మేముండే మేడ ఆ నిబంధనల కిందికి వస్తుంది.

హాలుకి సముద్రగాలి, వంటింటికి చీకటి

చూడ్డానికి ఎంత అందమైన ఇళ్ళైనా, ఆడవాళ్ళ కళ్ళతో చూస్తే ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హాలు, పడగ్గదులు గాలి వచ్చేవైపు పెట్టారు. వంటిల్లు మాత్రం వెనక్కి, పనివాళ్ళు ఎక్కే మెట్ల పక్కన, పైపులు దిగే సందు వైపు. గిన్నెలు తోమడానికి నేల మీదే ఒక మూల చిన్న గట్టు కట్టిన తొట్టి. దీన్ని ఇక్కడ మోరీ అంటారు. ఈ ఇళ్ళు గీసిన కాలంలో వంటవాడు, పనిమనిషి ఉండేవాళ్ళే వీటిలో దిగేవారు. ఇంటి ఇల్లాలే పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ చీకటి గదిలో నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు.

స్నానాలగది సంగతీ అంతే. నీళ్ళు బయటికి రాకుండా ఆరంగుళాల గడప. జారే గచ్చు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి.

2022 ఎండాకాలంలో మా అత్తయ్యగారు ఆ గడప తట్టుకుని పడ్డారు. ఆవిడకు అప్పటికి 81 ఏళ్ళు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఇకమీదట గొంతుక్కూర్చోకూడదు, గడపలు దాటకూడదు, వాకరు పట్టుకునే నడవాలి అని డాక్టరుగారు చెప్పారు. ఆసుపత్రి నుంచి నేరుగా పూనాలో మా ఆడపడుచు ఇంటికి తీసుకెళ్ళాం. ఎందుకంటే మా ఇల్లు ఆవిడ తిరగగలిగేలా లేదు.

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "ఈ పాత కొంపకు డబ్బు పోసేకంటే ఊరి బయట లిఫ్టు, జనరేటరు ఉన్న కొత్త ఫ్లాటు తీసుకుందాం" అని మరిది. "నాన్నగారు దిగిన ఇల్లు" అని మావారు. చివరికి అత్తయ్యగారినే అడిగాం. "అరవై ఏళ్ళు ఒకే వీధిలో బతికాను. ఇప్పుడు కొత్త మొహాల మధ్య కూర్చోబెడతారా? ఆ స్నానాలగది ఒక్కటీ సరిచేయించండి, నేనే నడిచొస్తాను" అన్నారావిడ. అంతే, పని ఖాయమైంది. ఆవిడ కాలు కూడదీసుకునే లోపు ఇల్లు సిద్ధం కావాలి.

బయటి మొహం ఊరిది, లోపలి వసతి మనది

ఈ ఇళ్ళలో మరమ్మత్తులు ఎందుకు వెనకబడతాయో కూడా చెప్పాలి. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం, తర్వాత 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం వల్ల పాత అద్దెలు పెద్దగా పెరగలేదు. అద్దె చాలదని యజమాని చేయించడు. ఇల్లు తమది కాదని అద్దెకున్నవాళ్ళు చేయించరు. మధ్యన మేడ నలిగిపోతుంది. మేం మొట్టమొదట చేసిన పని యజమాని దగ్గర ఏ పనులు చేయించుకుంటున్నామో రాసి, ఒప్పుకోలు పత్రం తీసుకోవడం. నోటిమాట మీద గోడ ముట్టుకోవద్దు.

రెండోది, మన కట్టడం ఏ శ్రేణిలో ఉందో తెలుసుకోవడం. మొదటి శ్రేణి కట్టడాల్లో లోపలా బయటా కూడా, అది నిలవడానికి అత్యవసరమైతే తప్ప మార్పులు ఒప్పుకోరు. రెండో శ్రేణిలో లోపలి మార్పులకు, పరిశీలించిన మీదట, చాలావరకు ఒప్పుకుంటారు. మూడో శ్రేణిలో ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది. కానీ కట్టడం రూపు, ఆ వీధి అందం చెడకూడదు. మాది మూడో శ్రేణి. అనుమతులు మునిసిపల్ కార్పొరేషన్ ద్వారా రావాలి. వారసత్వ కట్టడాల సలహా సంఘం ఒకటి అక్కడ ఉంటుంది. మన తెలంగాణలో కూడా 2017లో వారసత్వ కట్టడాల చట్టం వచ్చింది. కనుక హైదరాబాదులో పాత ఇళ్ళున్నవాళ్ళు కూడా పని మొదలెట్టే ముందు తమ ఇల్లు జాబితాలో ఉందేమో కనుక్కోవడం మంచిది.

మాకు సలహా ఇచ్చిన ఆర్కిటెక్టు అమ్మాయి ఒకే ముక్కలో చెప్పింది: "ఆంటీ, బయటి మొహం ఊరిది, లోపలి వసతి మీది. లోపల చేసేది కూడా రేపు ఎవరైనా తీసేస్తే పాత ఇల్లు మళ్ళీ బయటపడేట్టు చేద్దాం." ఆ మాటే మాకు చివరిదాకా కొలబద్ద అయింది. ఏ సందేహం వచ్చినా ఈ రెండు ప్రశ్నలే వేసుకున్నాం. ఇది వీధిలోంచి కనిపిస్తుందా? రేపు వెనక్కి తీయడానికి వీలవుతుందా?

ముందు ఎముకలు, తర్వాత నగలు

ఇల్లు బాగుచేయించడం అనగానే మన మనసు టైల్సు మీదికి, రంగుల మీదికి పోతుంది. అవి నగలు. ముందు ఎముకలు చూపించాలి. స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపిస్తే ఆయన ఒక చిన్న కొయ్య సుత్తితో గోడలు, స్లాబు కింది భాగం తట్టుకుంటూ తిరిగాడు. గట్టిగా ఉన్నచోట 'ఠక్' మంది. లోపల డొల్ల ఉన్నచోట, పండిన గుమ్మడికాయను తట్టినట్టు వేరే చప్పుడొచ్చింది. అక్కడల్లా సున్నంతో గుర్తు పెట్టాడు.

సముద్రం పక్కన ఇళ్ళకు ఉప్పుగాలే పెద్ద శత్రువు. ఉప్పు, తేమ కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, మీది కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇది చూసే ఉంటారు. పెచ్చు ఊడినచోట పైన సిమెంటు పూసేస్తే అందంగా కనిపిస్తుంది గానీ లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. వదులైన కాంక్రీటంతా చువ్వ వెనక దాకా కొట్టేసి, చువ్వను తీగ బ్రష్షుతో శుభ్రంగా తోమి, తుప్పు ఆపే మందు పూసి, అప్పుడు పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. చువ్వ మరీ సన్నబడిపోతే పక్కన కొత్తది కట్టాలి. మా వంటింటి కప్పులో నాలుగు చోట్ల ఇలా చేయించాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. వంటింటికీ సామాన్లగదికీ మధ్య గోడ తీసేస్తే వంటిల్లు విశాలమవుతుందని మా ఆశ. "ఇది ఉత్త అడ్డుగోడమ్మా, ఒక్క పూటలో కొట్టేస్తా" అన్నాడు మేస్త్రీ. ఇంజనీరు ఒప్పుకోలేదు. ఒక మూల ప్లాస్టరు గీకి చూస్తే లోపల పిల్లరుంది, పైన దూలం దాని మీదే కూర్చుంది. అందుకని గోడ అలాగే ఉంచి, పిల్లరుకు దూరంగా, ఇటుకలున్న చోట మాత్రమే కిటికీలాంటి ఖాళీ పెట్టించాం. అవతలి గది వెలుతురు వంటింట్లోకి వచ్చింది. గోడ నిలిచింది, చీకటి పోయింది.

పైపులు, వైర్లు

పాత ఇనుప పైపుల్లో లోపల తుప్పు పేరుకుని, నీళ్ళు వచ్చే దారి చిటికెన వేలంత అయిపోయింది. వాటిని తీసేసి, వేడినీళ్ళు తట్టుకునే సి.పి.వి.సి. పైపులు వేయించాం. కొత్త పైపులు కొత్త దారిలో గోడలు తొలచుకుంటూ పోనక్కర్లేదు. పాతవి దిగిన సందులోంచే, గోడకు పైన క్లిప్పులతో వేయించుకుంటే, రేపు కారినా చూడ్డం తేలిక.

నీళ్ళ ట్యాంకు గురించి జాగ్రత్త. ఇక్కడ మునిసిపల్ నీళ్ళు కొన్ని గంటలే వస్తాయి కనుక ప్రతి ఇంట్లోనూ అటక మీద ట్యాంకు ఉంటుంది. వెయ్యి లీటర్ల నీళ్ళంటే వెయ్యి కిలోల బరువు, అంటే ఒక టన్ను! మాకు 500 లీటర్ల పాత ఇనుప తొట్టి ఉండేది. దాన్ని తీసేసి, 200 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు, రెండు వేరువేరు చోట్ల, దూలం పక్కగా పెట్టమన్నాడు ఇంజనీరు. బరువు ఒకేచోట పడకుండా.

కరెంటు సంగతి ఇంకా భయం. ఈ ఇళ్ళు కట్టినప్పుడు కరెంటుతో పని నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. టేకు పట్టీల మీద వైర్లు, పింగాణీ ఫ్యూజులు. ఇప్పుడు 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. ఏసీ, మైక్రోవేవ్, వాషింగ్ మెషిన్ దానికి తోడు. ఐదు ఆంపియర్ల వైరు మీద ఇవన్నీ పెడితే వైరు లోపల్లోపలే వేడెక్కి కాలుతుంది. మేం మొత్తం వైరింగు మార్పించాం. దీపాలకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గీజరుకీ ఏసీకీ నాలుగు చదరపు మిల్లీమీటర్లది, ఒక్కొక్కదానికి విడిగా ఎం.సి.బి. స్నానాలగదికి, వంటింటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండి తీరాలి. కరెంటు కొంచెం దారి తప్పినా అది వెంటనే ఆపేస్తుంది. ఎర్తింగ్ ఉందో లేదో కొలిపించి చూసుకోండి.

గోడలు తవ్వకుండా పాత పట్టీల దారిలోనే కొత్త సన్నటి కేసింగ్ పట్టీలు కొట్టించాం. నల్లటి గుండ్రని పాత స్విచ్చులు హాల్లో రెండు అలంకారంగా ఉంచాం. వాటికి కరెంటు మాత్రం ఇవ్వలేదు.

అత్తయ్యగారి స్నానాలగది

గడప పూర్తిగా తీసేస్తే నీళ్ళు బయటికొస్తాయి కదా అని మీరు అడగొచ్చు. నేలను తలుపు వైపు నుంచి మూలకు వాలుగా చేయించి, తలుపు దగ్గర వెడల్పుగా ఒక జాలీ కాలవ పెట్టించాం. నీళ్ళు అక్కడే దిగిపోతాయి. పాత గచ్చు కింద తేమ ఆగడానికి వేసిన ఇటుకముక్కల కోబా బరువు తీసి, పలచగా వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. దానికి పరీక్ష చెప్తాను, రాసుకోండి. టైల్సు వేయకముందు తూము మూసి, రెండంగుళాల నీళ్ళు నింపి, 48 గంటలు వదిలేయాలి. కింది ఇంటివాళ్ళను పిలిచి వాళ్ళ కప్పు చూడమనాలి. మా కింది అంతస్తు పార్సీ ఆవిడ రెండు రోజులూ పొద్దున్నే, రాత్రీ తన కప్పు చూసి ఫోను చేసేది. మొదటిసారి ఒక మూల తేమ కనిపించింది. మళ్ళీ పూత వేసి, మళ్ళీ నింపాం. రెండోసారి పొడిగా ఉంది.

తలుపు వెడల్పు 24 అంగుళాలే ఉండేది. వాకరు పట్టదు. పక్కది ఇటుక గోడే కనుక ఇంజనీరు ఒప్పుకుని 32 అంగుళాలు చేయించాడు. కమోడు సీటు నేల నుంచి 18 అంగుళాల ఎత్తు. పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు నేల నుంచి 34 అంగుళాల మీద. ఈ కడ్డీలు ఉత్త టైల్ మీద బిగిస్తే ఊడొస్తాయి. లోపల ఇటుకలోకి లోతుగా దిగే బోల్టులు కావాలి. బిగించాక మావారు తన బరువంతా వేసి లాగి చూశారు. నేలకు నునుపు టైల్సు వద్దు, గరుకువి తీసుకోండి.

వంటింటికి గౌరవం

గట్టు ఎత్తు అందరికీ ఒకటే ఉండనక్కర్లేదు. మోచేయి మడిచి నిలబడితే మోచేయి కంటే నాలుగంగుళాలు కింద గట్టు ఉంటే భుజాలు లాగవు. నేను అయిదడుగుల ఒక అంగుళం. నాకు 33 అంగుళాలు సరిపోయింది. ఒక చివర మూడడుగుల మేర మాత్రం 29 అంగుళాలకు దించి, కింద అరలు లేకుండా ఖాళీ ఉంచాం. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు లోపలికి పెట్టుకుని, కూరలు తరుక్కోవడానికి. ఆవిడ కోసం పెట్టించిన ఆ చోట ఇప్పుడు పోటీ ఎక్కువ. మా అమ్మాయి కూడా అక్కడే కూర్చుని చదువుకుంటుంది.

కింది మోరీని ఎత్తి గట్టు మీద సింకు చేయించాం. దాని మురుగు గొట్టం పాత మోరీ తూములోకే కలిసింది. కొత్తగా స్లాబుకు కన్నం పెట్టలేదు. చిమ్నీ గొట్టం వెనక సందులోకి, ఉన్న వెంటిలేటరు గుండానే తీశాం. వీధి వైపు ఒక్క కన్నం కూడా పడలేదు. అరలకు పదకొండడుగుల ఎత్తు గది కనుక పైదాకా కట్టించాలనిపిస్తుంది. కానీ ఎక్కి తీసేది మనమే కదా! రోజూ వాడేవి నడుము నుంచి కళ్ళ దాకా. పండగ గిన్నెలు మాత్రం పైన.

గచ్చు, కిటికీలు, ఏసీ

మా గచ్చు బూడిద, ఎరుపు, పసుపు రాళ్ళ మొజాయిక్. గదుల చుట్టూ నల్ల అంచు. ఎనభై ఏళ్ళ మురికితో నల్లబడిపోయింది. దాని మీదే తెల్లటి టైల్సు పరిచేద్దామని ఒక కాంట్రాక్టరు పట్టుబట్టాడు. ఈ మేడలో రెండు మూడు ఇళ్ళలో అలాగే చేశారు కూడా. ఇంజనీరు లెక్క చెప్పాడు. సిమెంటుతో కలిపి టైల్సు చదరపు అడుగుకు అయిదారు కిలోలు. 200 చదరపు అడుగుల హాలుకే టన్ను దాటుతుంది. పాత స్లాబు మీద ఉత్తపుణ్యానికి అంత బరువెందుకు?

బదులుగా మిషనుతో, ముతక రాయి నుంచి మొదలుపెట్టి నున్న రాయి దాకా, నాలుగు దఫాలు రుద్దించాం. పగుళ్ళలో తెల్ల సిమెంటు, దానికి సరిపోయే రంగు కలిపి పూడ్చారు. టైల్సుకయ్యే ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. రంగులు బయటికి వచ్చిన రోజు ఇంట్లో అందరం చెప్పులు విడిచి నడిచాం. మొజాయిక్‌ను యాసిడ్‌తో గానీ, నిమ్మరసం, వెనిగరుతో గానీ కడగొద్దు. సిమెంటును, పాలరాతి ముక్కలను పులుపు తినేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల సబ్బు చాలు. ఒకటి రెండు చోట్ల టైలు మార్చాల్సి వస్తే పాత పద్ధతి సిమెంటు టైల్సు ఇప్పటికీ దొరుకుతాయి. 1922లో స్వదేశీ ఉద్యమం రోజుల్లో ముంబైలో మొదలైన భారత్ ఫ్లోరింగ్స్ వాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు.

కిటికీలు బర్మా టేకువి. అల్యూమినియం పెట్టించుకోమని సలహా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. కిటికీలు మారితే మేడ మొహమే మారిపోతుంది. ఇక్కడ ఇదే పెద్ద తప్పు. వడ్రంగి పుచ్చిపోయిన కింది ముక్కలు మాత్రం కోసి, పాత టేకే అతికాడు. రంగు పొరలు గీకేటప్పుడు జాగ్రత్త పడాలి. పాత ఆయిల్ పెయింటులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ ధూళి పిల్లలకు విషం. తడిపి గీకించాలి, మూతికి మాస్కు ఉండాలి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. కిటికీ పట్టేస్తోందని వానాకాలంలో చెక్క చివ్వించకండి. వానలకు ఉబ్బిన చెక్క చలికాలంలో తగ్గి సందులు పడుతుంది. దోమల వల, దొంగల భయానికి గ్రిల్లు రెండూ లోపలి వైపే, స్క్రూలతో బిగించాం. ఏసీ బయటి పెట్టె వెనక సందు వైపు ఇనుప స్టాండు మీద పెట్టించాం. పైపు కొంచెం పొడుగైంది, ఖర్చూ కొంచెం పెరిగింది. కానీ ముందు బాల్కనీ గుండ్రదనం అలాగే ఉంది.

ఖర్చు సంగతి

మాకైన మొత్తంలో సగానికి పైగా కంటికి కనపడని వాటికే పోయింది. కాంక్రీటు మరమ్మత్తు, పైపులు, వైర్లు, వాటర్‌ప్రూఫ్. చుట్టాలొచ్చి "ఏం మార్చారు?" అని అడిగితే చూపించడానికి పెద్దగా ఉండదు. మరిది మొదట్లో ఇదే ఎత్తిపొడిచాడు. ఆ వానాకాలం ఒక్క బకెట్టు కూడా పెట్టకుండా గడిచాక మాత్రం కారుతున్న తన ఇంటి బాల్కనీకి మా ఇంజనీరు నంబరు అడిగాడు!

ఉగాదికి రెండు రోజుల ముందు అత్తయ్యగారు వచ్చారు. వాకరుతో నేరుగా స్నానాలగదికి వెళ్ళి, కడ్డీలు పట్టుకుని చూసి, గడప ఉండేచోట ఒక నిమిషం ఆగారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, కొత్త గట్టు దగ్గర కూర్చుని, "వేపపువ్వు ఇటివ్వు" అన్నారు.

పాత ఇల్లు బాగు చేయించే ముందు...

* యజమాని, సొసైటీ, మునిసిపాలిటీ - ఎవరి అనుమతి కావాలో కాగితం మీద తెలుసుకోండి.

* పని మొదలెట్టే ముందు ప్రతి గదికీ, బయటివైపుకూ ఫోటోలు తీసి ఉంచండి. తర్వాత తగువులొస్తే అవే సాక్ష్యం.

* గోడ కొట్టే ముందు మేస్త్రీ మాట కాదు, ఇంజనీరు మాట వినండి.

* వరస తప్పొద్దు: కాంక్రీటు, పైపులు, వైర్లు, వాటర్‌ప్రూఫ్, ఆ తర్వాతే గచ్చు, రంగులు.

* తీసిన పాత గొళ్ళేలు, ఇత్తడి పిడులు, రంగు అద్దాలు పాత సామాన్ల వాడికి వేయకండి. అలాంటివి మళ్ళీ దొరకవు.

* కింది ఇంటివాళ్ళతో ముందే మాట్లాడుకోండి. వాళ్ళ కప్పే మీ నేల.

* అనుకున్న ఖర్చుకు అయిదో వంతు అదనంగా పక్కన పెట్టుకోండి. పాత గోడ తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది.

* ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళు పడ్డాక కాదు, పడకముందే గడపలు చూసుకోండి.